జగ్గెడు నీళ్లు

ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే మాస్టరు వింటున్నాడని అర్థం. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అది ఆగగానే వంటింట్లో మాటలు కూడా ఆగాయి. మళ్లీ టకటక మొదలయ్యేదాకా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"కాస్త మెల్లగా," అంది కోడలు.

"ఇంకెంత మెల్లగా? ఎన్నాళ్లు దాస్తాం నాన్న దగ్గర?" అన్నాడు కొడుకు.

లిఫ్టులు బాగుచేసే పని అతనిది. పనిబట్టలు విప్పకుండానే డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి తిన్నగా ఇంటికొచ్చాడు. గ్రీజు చేత్తోనే కళ్లు తుడుచుకున్నట్టున్నాడు, బుగ్గ మీద నల్లటి చార ఉంది.

"ఇంకోసారి చెప్పరా. డాక్టరు ఏమన్నాడు?" అంది తల్లి.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మా. మొన్న తీసిన స్కాన్‌లో గడ్డ స్పష్టంగా కనపడింది. కడుపు గోడ దాటి బయటికి పాకిందట. ఇప్పుడు కోసి తీయడం కుదరదన్నాడు. చలికాలంలో తీసిన మొదటి స్కాన్‌లోనే కనపడి ఉంటే తీసేసేవాళ్లమన్నాడు."

"మరి అప్పుడు ఏమీ లేదన్నారుగా."

"లేదనలేదు. తేలలేదన్నారు. కడుపులో నీళ్లు లేవట ఆ రోజు. ఖాళీ సంచిలా ముడుచుకుని ఉంటే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? నీళ్లు తాగించి పంపాల్సింది ఎవరు? అక్కడ స్కాన్ తీసే అమ్మాయి. రేపు పొద్దున్నే వెళ్తాను. ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టకపోతే అడుగు."

తల్లి చేతిలో ఎవరిదో చొక్కా ఉంది. మాస్టరు కుట్టిన చొక్కాలకి కాజాలు తీసేదీ, బొత్తాలు పెట్టేదీ ఆమే కాబట్టి వీధిలో అందరూ ఆమెను కాజాలమ్మ అంటారు. మిషను కాజా కంటే ఆమె చేతి కాజా గట్టిదని పేరు. నోట్లో నువ్వుగింజ నానదని ఇంకో పేరు కూడా ఉంది, అది ఆమె వినకుండా అంటారు. అలాంటి మనిషి మొన్నటినుంచి ఒక్క మాట గొంతులో అడ్డం పెట్టుకుని తిరుగుతోంది.

"ఆ అమ్మాయి మీద విరుచుకుపడితే ఏమొస్తుంది?" అంది కోడలు. "మావయ్యకి తగ్గకపోతే మళ్లీ రమ్మని అప్పుడే చెప్పారు. గ్యాసు మాత్రలకి కాస్త సర్దుకుందని మనమే ఊరుకున్నాం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది మనమే."

"మనమే అంటే నేనేగా. సూటిగా అను."

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నాకు తెలుసు."

అసలు సంగతి అది. అతనికి తెలుసు. మళ్లీ తీసుకెళ్లాల్సింది తనే అని తెలిసిన మనిషికి ఎవరిమీదో ఒకరిమీద అరవకపోతే ఊపిరాడదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారే, ఇక్కడ అత్తా తనే అయ్యేసరికి దుత్త కోసం ఊరంతా వెతుక్కుంటున్నాడు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?" అంది కోడలు.

కాజాలమ్మ కిందికి చూసుకుంది. కాజా అంచులు కుట్టడం అయిపోయాక కూడా సూది ఆపలేదు. బొత్తం దూరాల్సిన చీలికను అటూ ఇటూ కలిపి కుట్టేసింది.

ఆ చలికాలం రోజు మాస్టరుతో వెళ్లింది ఆమే. నోట్లోంచి గొట్టం వేసి చూస్తామంటే ఆయన ససేమిరా అన్నాడు. సరే, కనీసం స్కాన్ అయినా చేయించమన్నారు. పరగడుపున వెళ్లి కూర్చున్నారు. నీలం కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె, జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టుకుని ఉంది, పెద్ద జగ్గూ గ్లాసూ తెచ్చి ముందు పెట్టింది.

"అంకుల్, ఇవన్నీ తాగాలి. ఒకేసారి వద్దు, మెల్లమెల్లగా. ఆఖరి గ్లాసు లోపల పడుకోబోయే ముందు నేనిస్తాను."

"ఏం మందమ్మా ఇది?" అని అడిగింది కాజాలమ్మ.

"మందు కాదాంటీ. మంచినీళ్లే."

ఆ ఒక్క మాటతో ఆమె మనసు తేలికపడింది. ఆ తేలికే కొంప ముంచింది.

రెండో గ్లాసుకే మాస్టరుకి వెలపరం మొదలైంది. మూడోది పెదాల దాకా తెచ్చి దించేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య వైపు చూశాడు, పాలు వద్దని పేచీ పెట్టే పిల్లాడిలా. ఆయన తినలేక వదిలిన కంచం, సగం తాగి పెట్టిన టీ, పెళ్లయిన నాటినుంచి ఆమె వాటాయే. అటూ ఇటూ చూసి, గోడవైపు తిరిగి, జగ్గు ఎత్తి గటగటా తాగేసింది.

"మీ కడుపైతేనేం, నా కడుపైతేనేం," అని ఆయన్ని నవ్వించింది కూడా. మూతి తుడుచుకుని, ఖాళీ జగ్గు ఆ అమ్మాయి చేతికి తనే అందించింది. లోపల ఇచ్చిన ఆఖరి గ్లాసులో మాస్టరు రెండు గుక్కలు తాగి తల తిప్పేశాడట.

మొన్న రెండోసారి వెళ్లినప్పుడు అదే అమ్మాయి. ఈసారి పక్కనే నిలబడి ప్రతి గ్లాసూ దగ్గరుండి తాగించింది. ఎందుకమ్మా ఇన్ని అని మాస్టరు అడిగితే ఓపిగ్గా చెప్పింది. కడుపు నీళ్లతో నిండితే గోడ సాగుతుందట. నీళ్లు ఫొటోలో నల్లగా ఉంటాయట, చేతికిచ్చే సూదిమందుతో గోడ తెల్లగా మెరుస్తుందట. అప్పుడు ఎక్కడ ఉబ్బు ఉన్నా దొరుకుతుందట.

"తెలిసింది," అన్నాడు మాస్టరు. "కోటు చెయ్యి ముడుచుకుని ఉంటే లోపలి లైనింగు ఎక్కడ పాడైందో ఎవడికి తెలుస్తుంది? చెయ్యి దూర్చి సాగదీయాలి."

"అదే అంకుల్, సరిగ్గా అదే," అని ఆ పిల్ల నవ్వింది.

మాస్టరు నవ్వలేదు. గ్లాసు మీదుగా భార్యవైపు చూశాడు. చలికాలంలో తను తాగింది ఏమిటో కాజాలమ్మకి అప్పుడు తెలిసింది.

*

పొద్దున కొడుకు బండి తీయబోతుంటే మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఒంట్లో కండ తగ్గే కొద్దీ ఎవరికీ చెప్పకుండా తన బట్టలు తనే బిగిస్తూ వచ్చాడు కాబట్టి ఆ చొక్కా ఇప్పటికీ కొలతకి కుట్టినట్టే ఉంది. చూసేవాళ్లకి మనిషి చిక్కినట్టు తెలియకపోవడానికి అదొక కారణం. చేతిలో పనితనం ఉన్నా ఒక్కోసారి ఇలాగే ముప్పు.

"నేనూ వస్తాను," అన్నాడు.

"నువ్వెందుకు నాన్నా? పడుకో."

"నా కడుపు సంగతి నేను లేకుండా తేలుస్తారా? మీ అమ్మనీ రమ్మను. ఆటోలో వస్తాం."

స్కాన్ సెంటరులో మేనేజరు గది అద్దాలతో ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకి మాటలు వినపడవుగానీ చేతులు ఊపడం కనపడుతుంది. లోపల తల్లిదండ్రుల్ని పక్కన కూర్చోబెట్టుకుని కొడుకు చేతులు చాలాసేపు ఊపాడు. తర్వాత నీలం కోటు అమ్మాయిని పిలిపించారు.

"అందరికీ తెల్లటి మందేదో తాగిస్తారట. మా నాన్నకి ఉత్త నీళ్లతో సరిపెట్టారు. అవి కూడా సరిగ్గా తాగించలేదు," అన్నాడు కొడుకు.

"కడుపు గోడ చూడాలంటే నీళ్లే మంచిది సార్. ఆ తెల్ల మందు ఫొటోలో మెరిసి పక్కనున్నదాన్ని కప్పేస్తుంది. అందుకే మీ డాక్టరుగారు నీళ్లే రాశారు."

"మరి నీళ్లేవి? డాక్టరు చూపించాడు నాకు. కడుపులో చుక్క లేదు."

"జగ్గు నిండా ఇచ్చాను సార్. ఖాళీ జగ్గు తిరిగొచ్చింది. లోపల చూస్తే కడుపు ముడుచుకునే ఉంది. నీళ్లతో అదే చిక్కు, ఎక్కువసేపు నిలవవు. కొందరికి తొందరగా పేగుల్లోకి దిగిపోతాయి. అలాగే దిగిపోయాయనుకున్నాను. ఇంకో గ్లాసు ఇచ్చాను, అంకుల్ తాగలేకపోయారు."

"అనుకున్నావా? నువ్వు అనుకున్నందుకు మా నాన్న..."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. గొడవ ఎలాగోలా వదిలితే చాలనుకునే మనిషి. "చూడమ్మా, సంగతేంటో తేలేదాకా నువ్వు స్కాన్ గదిలోకి వెళ్లకు. కార్డు ఇక్కడ పెట్టి వెళ్లు," అన్నాడు.

అమ్మాయి మెడలోని కార్డు తీసింది. తీస్తూ కాజాలమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, జగ్గు మీరే నా చేతికిచ్చారు. అంకుల్ మొత్తం తాగారా అని అడిగితే తాగారన్నారు. మీకు గుర్తుందా?"

కాజాలమ్మ చెప్పాలని నోరు తెరిచింది. కొడుకు తన మొహంలోకే చూస్తున్నాడు. చిన్నప్పుడు బడిలో ఎవరైనా కొడితే వచ్చి ఇలాగే చూసేవాడు, అమ్మ తన పక్షమేనన్న నమ్మకంతో.

"ఆమెకేం తెలుసు?" అన్నాడు మాస్టరు. "నేనే పారబోశాను."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు.

"మీ అమ్మ బాత్రూముకి వెళ్లినప్పుడు. వాంతొచ్చేలా ఉంది, తాగలేకపోయాను. పక్కనున్న బేసిన్‌లో పారబోశాను. తాగేశానని మీ అమ్మతో అబద్ధం చెప్పాను. ఈ పిల్ల తప్పేం లేదు. ఆ కార్డు ఇచ్చెయ్యండి."

ఆ నీళ్లు తాగించే మూల బేసిన్ లేదు. ఆ సంగతి గదిలో ముగ్గురికి తెలుసు. మాస్టరుకి, కాజాలమ్మకి, ఆ అమ్మాయికి. అమ్మాయి ఒక్క క్షణం కాజాలమ్మ కళ్లలోకి చూసింది. కార్డు మళ్లీ మెడలో వేసుకుని, నెమ్మదిగా తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

కొడుకు అరవలేదు. అరిచినా బాగుండేది.

"మిషను మీద ఎన్ని గంటలైనా కూర్చుంటావు. ఎవడి కోటైనా తెల్లారేసరికి అందిస్తావు. నీకోసం జగ్గెడు నీళ్లు తాగడం చేతకాలేదా నాన్నా?"

మాస్టరు తల వంచుకున్నాడు.

"ఆ అమ్మాయి మీద అరిచాను. ఉద్యోగం తీయించబోయాను. నువ్వు అక్కడే కూర్చుని చూశావు." బండి తాళాలు తీసుకుని, తల్లిదండ్రుల్ని అక్కడే వదిలి బయటికి నడిచాడు.

*

ఆటో కోసం ఇద్దరూ రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా టైర్లకి గాలి కొట్టే షాపులో రేడియో మోగుతోంది.

"ఎందుకలా చెప్పారు?" అంది కాజాలమ్మ.

"మరి నువ్వు చెప్పేదానివా?"

"చెప్పేదాన్నే. నోట్లోకి వచ్చింది."

"తెలుసు. అందుకే ముందు నేను చెప్పాను. నీ నోటి సంగతి నాకు తెలీదా?"

ఆమె ఏడుస్తోంది. చప్పుడు లేకుండా ఏడవడం ఆమెకి అలవాటు లేని పని, సరిగ్గా రావడం లేదు.

"విను," అన్నాడు మాస్టరు. "నేను పోయేవాణ్ణి. వాడు చెప్పకపోయినా నాకు తెలుసు. నా నడుం కొలత నాకంటే ఎవడికి తెలుస్తుంది? నా మీద వాడికొచ్చిన కోపం నాతోపాటే పోతుంది. నువ్వు అలా కాదు. వాడింట్లో, వాడి చేతికింద బతకాలి. నువ్వు తాగావని తెలిసిందనుకో, నువ్వు గ్లాసు ఎత్తినప్పుడల్లా వాడికి నేనే గుర్తొస్తాను. అలా ఎన్నేళ్లు బతుకుతావు?"

"మరి నాకు గుర్తుకు రారా?"

ఆయన ఎదురుగా ఉన్న షాపు వైపు తిరిగాడు. కాసేపు రేడియో విన్నాడు.

"తాగమని నేనే చూశాను నీవైపు," అన్నాడు చివరికి. "తప్పు సగం సగం పంచుకుందాంలే. నీళ్లు పంచుకున్నట్టు. వాడికి చెప్పనని మాటివ్వు."

ఆమె తల ఊపింది. జీవితంలో ఆయన అడిగినవి తక్కువ. అడిగినదాన్ని కాదనడం ఆమెకి చేతకాదు, ఆ రోజు జగ్గు దగ్గరైనా, ఇప్పుడైనా.

*

ఆ రోజునుంచి కొడుకు తండ్రితో మాట్లాడటం మానేశాడు.

మందులు తెచ్చేవాడు. మాస్టరు మంచం పక్కన పెట్టి వెళ్లేవాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు, చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించేవాడు. మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాల్సొస్తే భార్యతో చెప్పేవాడు, ఆమె వచ్చి "మావయ్యా, మాత్ర వేసుకోమంటున్నారు" అనేది. ముగ్గురూ ఒకే గదిలో ఉండగా.

అంతకుముందు ఆ ఇంట్లో సాయంత్రాలు ఇలా ఉండేవి కావు. కొడుకు పనినుంచి వస్తూనే ముందుగదిలో తిరుగుతున్న మిషను చక్రం మీద అరచెయ్యి వేసి ఆపేసేవాడు. "చాల్లే మాస్టారూ, ఇంక దుకాణం కట్టెయ్," అనేవాడు. "చెయ్యి తీయరా వెధవా, కుట్టు వంకర పోయింది," అని మాస్టరు తిట్టేవాడు. చిన్నప్పుడు మొదలైన ఆట అది. మీసాలొచ్చినా, పెళ్లయినా మానలేదు. ఇప్పుడు అతను వస్తాడు, చక్రం పక్కనుంచే తిన్నగా లోపలికి వెళ్లిపోతాడు.

మాస్టరుకి ఓపిక తగ్గిపోయింది. వచ్చిన బట్టలు వెనక్కి పంపేస్తున్నారు. అయినా సాయంత్రమయ్యేసరికి మంచం మీదనుంచి లేచి, గోడ పట్టుకుని వెళ్లి మిషను ముందు కూర్చుంటాడు. పని లేకపోయినా చెయ్యి ఊరుకోదు కాబోలు అనుకుంది కోడలు. కాజాలమ్మా అలాగే అనుకుంది.

ఒక సాయంత్రం ఆయనకి పాలు ఇవ్వబోయి దగ్గరికి వెళ్లింది. మాస్టరు వీధి గుమ్మం వైపు చూస్తూ పెడలు తొక్కుతున్నాడు. నుదుటి మీద చెమట. చక్రం గిరగిరా తిరుగుతోంది. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు.

కొడుకు వచ్చే వేళ అయింది. ఆపడానికి వాడికో చక్రం తిరుగుతూ ఉండాలని ఆయన వట్టి మిషను తొక్కుతున్నాడు.

బండి ఆగిన చప్పుడైంది. కొడుకు లోపలికొచ్చాడు. మిషను పక్కనుంచి, తల తిప్పకుండా, వంటింట్లోకి వెళ్లిపోయాడు. మాస్టరు ఇంకాసేపు తొక్కాడు.

కాజాలమ్మ పాలు అక్కడే పెట్టి కొడుకు వెనకే వెళ్లింది. అతను కుండలోంచి నీళ్లు ముంచుకుంటున్నాడు.

"ఒరే, ఇలా కూర్చో," అంది.

"ఏంటమ్మా?"

"కూర్చో ముందు."

అతను పీట మీద కూర్చున్నాడు. కోడలు కూరలు తరగడం ఆపి చూసింది. కాజాలమ్మ నిలబడే ఉంది. కూర్చుంటే లేవలేనేమోనని భయం.

"మీ నాన్న నీళ్లు పారబోయలేదు."

"మళ్లీ ఎందుకమ్మా ఆ గొడవ? ఆయనే చెప్పాడుగా."

"అక్కడ బేసిన్ లేదు. ఎప్పుడైనా వెళ్లినప్పుడు చూడు."

కొడుకు గ్లాసు కింద పెట్టాడు.

"నేను తాగాను," అంది. "జగ్గులో ఉన్నవన్నీ. ఆయన వాంతి చేసుకుంటాడేమోనని జాలేసి తాగాను. ఏం మందమ్మా అంటే, మందు కాదు మంచినీళ్లే అంది ఆ పిల్ల. మందయితే ముట్టేదాన్నా? గొంతు పట్టుకుని అయినా ఆయన చేత తాగించేదాన్ని. నీళ్లేగా అనుకున్నానురా. ఎవరు తాగితే ఏం అనుకున్నాను."

ముందుగదిలో మిషను వేగం పెరిగింది. ఆయన వింటున్నాడు. ఆపి వినడం కాదు, ఈసారి ఆమె మాట ముంచేయడానికి తొక్కుతున్నాడు. ఆమె గొంతు పెంచింది.

"నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వు నన్ను చూడవేమోనని. నన్ను చూడకపోతే పోయావు. ఆయనతో మాట్లాడు. రోజులు లేవు. నువ్వు వస్తావని దారం లేని మిషను తొక్కుతున్నాడు అక్కడ, వెళ్లి చూడు."

కొడుకు తల్లిని చూశాడు. ఆ చూపు కాజాలమ్మ బతికినన్నాళ్లూ మరిచిపోయేది కాదు. బడినుంచి ఏడుస్తూ వచ్చినప్పటి చూపు కాదది. ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు చూశాడు. మాస్టరు చెప్పింది నిజమే, అనుకుంది ఆమె.

అతను లేచాడు. ముందుగదిలోకి నడిచాడు. వీధిలోకి వెళ్లాలన్నా అదే దారి.

"అత్తయ్యా," అని కోడలు ఏదో అనబోయింది. కాజాలమ్మ చెయ్యెత్తి ఆపింది. చక్రం తిరుగుతున్న చప్పుడు వింటోంది, వీధి తలుపు గడియ చప్పుడు కోసం కూడా వింటోంది.

మిషను ఆగింది. మాస్టరు ఆపాడో, కొడుకు చెయ్యి వేసి ఆపాడో వంటింట్లోంచి కనపడలేదు.